ఇరవై రెండో రోజు గుడ్లు

పిల్లల్ని వెంటేసుకుని పెట్ట గంప దిగిపోయాక అడుగున వరిగడ్డిలో రెండో మూడో గుడ్లు మిగులుతాయి. వాటి మీద ఊళ్ళో తీర్పు ముందే తయారుగా ఉంటుంది: మురిగిపోయాయి, పెంటకుప్ప మీద పారెయ్. చాలాసార్లు ఆ మాట నిజమే. ఒకటి అసలు పుంజు దాటని పెట్ట పెట్టిన గుడ్డు. ఇంకొకటి మొదటి వారంలోనే ప్రాణం పోయిన గుడ్డు. మూడోదానిలో మాత్రం పిల్ల పూర్తిగా తయారై, ముక్కు గుడ్డు లావు కొసన ఉండే గాలిగది వైపు తిప్పుకుని, ఇంకో ఒకటిన్నర రోజు వెచ్చదనం దొరికితే చాలన్నట్టు ఉండవచ్చు. పైనుంచి చూస్తే మూడూ ఒకటే. తెల్లారేసరికి మూడూ చల్లబడతాయి. కొన్నాళ్ళకి మూడూ మురిగిపోతాయి, ఊరి తీర్పు నిజమైపోతుంది.

ఆ మూడో గుడ్డుని ఎలా గుర్తుపట్టాలి, ఇంక్యుబేటర్లో పెడితే అది ఎందుకు బతుకుతుంది, ఒక్కోసారి ఎందుకు బతకదు అన్నదే ఇక్కడి విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మిగిలిన గుడ్డుకి లోటు వచ్చింది గడువులో. వేడి తల్లి రెక్కల కింద ఇంకా ఉంది, కానీ దాన్ని అప్పటికే బయటికి వచ్చిన పిల్లలు పట్టుకుపోయాయి.

ముందు గుడ్లన్నీ ఒకేసారి ఎందుకు పగలాలో చూద్దాం. నాటుపెట్ట రోజుకో గుడ్డు చొప్పున, మధ్యలో ఒకటి రెండు రోజులు నాగా పెడుతూ, పది పన్నెండు గుడ్లు పెట్టేసరికి రెండు వారాలు గడుస్తాయి. మొదటి గుడ్డుకీ చివరి గుడ్డుకీ అంత వయసు తేడా ఉన్నా పిల్లలు ఒకే రోజున, మహా అయితే రోజున్నర అటూ ఇటూగా వచ్చేస్తాయి. కిటుకంతా చల్లబడటంలో ఉంది. తల్లి కడుపులో పెంకు కట్టుకుంటూ గుడ్డు దాదాపు ఒక రోజు గడుపుతుంది. అక్కడ ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి పచ్చసొన మీద ఉన్న చిన్న తెల్లమచ్చ అప్పటికే వేల కణాలుగా విడిపోయి ఉంటుంది. బయటపడ్డ గుడ్డు చల్లబడగానే ఆ పని ఆగిపోతుంది. పెట్ట పొదుగుకు కూర్చున్న రోజున అన్ని గుడ్లలోనూ ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలవుతుంది. అక్కడి నుంచి లెక్క 21 రోజులు.

ఎంత చల్లబడితే పిండం ఆగుతుంది? పుస్తకాల్లో సాధారణంగా 20, 21 డిగ్రీలని రాస్తారు. చలి దేశాల వాళ్ళకి ఆ అంకెతో ఇబ్బంది లేదు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో అర్ధరాత్రి కూడా ఇల్లు అంత చల్లబడదు. 28, 30 డిగ్రీల దగ్గర పిండం సరిగ్గా పెరగదు, పూర్తిగా ఆగనూ ఆగదు. కొంచెం కొంచెంగా సాగి, బలం పోగొట్టుకుని, చాలావరకు పెట్ట కూర్చోకముందో కూర్చున్న మొదటి రోజుల్లోనో చచ్చిపోతుంది. హేచరీల వాళ్ళు గుడ్లని 15 నుంచి 18 డిగ్రీల మధ్య, వారానికి మించకుండా నిలవ ఉంచేది ఇందుకే. మన ఇళ్ళలో బియ్యం డబ్బాలోనో తవుడులోనో గుడ్లు దాచడం వెనక ఉన్నది కూడా ఈ చల్లదనం గురించిన ఆలోచనే. ఎండాకాలం పొదుగులో గుడ్లు ఎక్కువగా చెడిపోవడానికి పెట్టని తిట్టడం అన్యాయం. ఆ గుడ్లలో కొన్ని దాని కిందికి రాకముందే ఓడిపోయి ఉంటాయి.

వెనకబడే గుడ్లకి ఇంకా మామూలు కారణాలు చాలా ఉన్నాయి. పెట్ట కూర్చున్న కొన్ని రోజుల తరవాత పక్కపెట్ట వచ్చి అదే గంపలో ఒక గుడ్డు పెట్టి పోతుంది. కోళ్ళకి ఒకచోట గుడ్లు కనిపిస్తే అక్కడే పెట్టాలనిపిస్తుంది, అది ఎవరిదన్న పట్టింపు వాటికి లేదు. ఇంటివాళ్ళే, ఎలాగూ కూర్చుంది కదా అని, చుట్టాలింటి నుంచి తెచ్చిన మంచి జాతి గుడ్లు రెండు ఆలస్యంగా జేర్చడమూ ఉంది. అసీల్ గుడ్డు దొరికితే ఆ ఆశ మరీ ఎక్కువ. వారాల తరబడి నిలవ ఉన్న గుడ్డు కొత్తగుడ్డు కంటే కొన్ని గంటలు ఆలస్యంగా పగులుతుంది. అన్నిటికంటే తరచుగా జరిగేది ఇంకొకటి: పెట్ట చిన్నది, గుడ్లు ఎక్కువ. రెక్కల అంచున ఉన్న గుడ్డుకి నడిమధ్య గుడ్డుకి అందినంత వేడి అందదు. పెట్ట ముక్కుతో అంచు గుడ్లని లోపలికి లాక్కుంటూ, లోపలివాటిని బయటికి నెడుతూ సర్దుతుంది గానీ, పన్నెండు పట్టే ఒళ్ళో పదహారు పెడితే ఏ సర్దుబాటూ చాలదు. సగటున ఒక డిగ్రీ తక్కువ వేడి అందినా గుడ్డు రోజు వెనకబడిపోతుంది.

ఇప్పుడు పెట్ట వైపు నుంచి చూడాలి. బయటికి రావడానికి ముందు పిల్ల, మిగిలిన పచ్చసొనని సంచీతో సహా బొడ్డు గుండా కడుపులోకి లాక్కుంటుంది. పుట్టాక రెండు రోజులు, గట్టిగా లాగితే మూడు రోజులు, ఆ సొనే దానికి తిండీ నీళ్ళూ. ఒక్కరోజు పిల్లల్ని అట్టపెట్టెల్లో గింజ వేయకుండా వందల మైళ్ళు పంపగలుగుతున్నారంటే ఈ సొన చలవే. పెట్ట గడియారం కూడా అదే. మొదటి పిల్ల కడుపులో సొన ఉన్నంతసేపే మిగతా గుడ్ల కోసం ఆగగలదు. ఆ తరవాత గింజలు చూపించాలి, నీళ్ళు చూపించాలి. దాని పూర్వీకులైన అడవికోళ్ళు నేలమీద ఆకుల్లో పొదిగేవి. పిల్లలు కిచకిచలాడుతున్న గూడు దగ్గర ఇంకో రోజు కూర్చుంటే ముంగిస వచ్చి తల్లితో సహా అందరినీ తినిపోతుంది. ఎనిమిది పిల్లల్ని పణంగా పెట్టి రెండు గుడ్ల కోసం ఆగిన తల్లుల సంతానం ఎక్కువగా మిగిలి ఉండదు.

ఇది పెట్ట కూర్చుని వేసుకునే లెక్క కాదు, దాని రక్తంలోనే ఉంది. పొదుగుకు కూర్చోబెట్టే హార్మోను ప్రొలాక్టిన్. గుడ్లు పొట్టకి తగులుతూ ఉన్నంతకాలం అది ఎక్కువగా ఊరుతుంది. గుడ్ల స్థానంలో పిల్లలు కదలడం, అరవడం మొదలయ్యాక తగ్గిపోతుంది. తగ్గగానే కూర్చునే కోడి కాస్తా తిప్పే కోడి అవుతుంది. గుడ్ల పరిశ్రమ ఈ హార్మోను మీదే ఎక్కువ కక్ష కట్టింది, ఎందుకంటే పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టదు. తరాల తరబడి ఏరి ఏరి తెల్ల లెగ్‌హార్న్‌లో ఆ గుణాన్ని దాదాపు తుడిచేశారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు కూడా పొదుగుకు పెద్దగా కూర్చోవు. వాటి గుడ్లనుంచి పిల్లలు కావాలంటే ఇంక్యుబేటరైనా కావాలి, లేదా పక్కింటి నాటుపెట్టయినా కావాలి. అంటే ఇంటికో నాటుపెట్ట ఉన్న ఊళ్ళో యంత్రం అవసరం ఈ మిగిలిన గుడ్ల దగ్గరే తెలుస్తుంది.

మరి చల్లబడ్డ గుడ్డు బతికి ఉంటుందా? పిండం మనలాగా తన వేడిని తాను నిలబెట్టుకునే ప్రాణి కాదు. చల్లబడితే దాని పని నెమ్మదిస్తుంది, గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. పొదుగు కాలంలో పెట్ట రోజుకోసారి మేతకీ నీళ్ళకీ దిగి పది, ఇరవై నిమిషాలు తిరిగి వస్తుంది, గుడ్లకి ఏమీ కాదు. కరెంటు పోయి ఇంక్యుబేటర్ 32 డిగ్రీల కిందికి పడిపోయి, 18 గంటల దాకా అలాగే ఉన్నా పిండాలు బతికిన సందర్భాలు కోళ్ళ పెంపకందార్లకి ఇచ్చే మార్గదర్శకాల్లో నమోదయ్యాయి. అందుకని పొద్దున్నే గంపలో చేయి పెడితే గుడ్డు చల్లగా తగిలినంత మాత్రాన ఆశ వదులుకోనక్కరలేదు. పెట్ట రాత్రి దిగిందా, నిన్న పొద్దున దిగిందా అన్నది ముఖ్యం. నడివేసవిలో అయితే ఆ గుడ్డు అసలు చల్లబడి ఉండకపోవచ్చు కూడా. ప్రమాదం రెండో వైపున ఎక్కువ. 37.5 దగ్గర హాయిగా ఉండే పిండం 41, 42 డిగ్రీల దగ్గర ఎంతోసేపు నిలవదు. చల్లబడిన గుడ్డుని త్వరగా వేడెక్కించాలని పొయ్యి గట్టు మీద పెట్టడం, పెద్ద బల్బు కింద పెట్టడం అంటే బతికినదాన్ని చంపడమే.

ఇంక్యుబేటర్లో పెట్టేముందు మొదటి పరీక్ష ముక్కుతో. కుళ్ళిన కంపు ఏ మాత్రం వచ్చినా, పెంకు మీద చెమట పట్టినట్టు జిగురు కనబడినా, ఆ గుడ్డు లోపలికి పోకూడదు. 37 డిగ్రీలు పిల్లకి ఎంత ఇష్టమో బాక్టీరియాకీ అంతే ఇష్టం. మురిగిన గుడ్డులో వాయువు పట్టి ఢామ్మని పేలితే పక్కన ఉన్న మంచి గుడ్ల మీదా, నీళ్ళ పళ్ళెంలోనూ ఆ మురుగంతా పడుతుంది, వారం రోజులు ఆ గదిలోకి ఎవరూ వెళ్ళలేరు. రెట్ట అంటుకున్న గుడ్డుని కడగాలనిపిస్తుంది. చన్నీళ్ళతో కడగడం మాత్రం పూర్తిగా తప్పు. వెచ్చటి గుడ్డుకి చన్నీళ్ళు తగిలితే లోపలి పదార్థం కుంచించుకుని, పెంకులోని రంధ్రాల గుండా బయటి మురికినీటిని లోపలికి లాగుతుంది. పొడిగుడ్డతో మెల్లగా తుడిచి వదిలేయడం మేలు.

రెండో పరీక్ష వెలుతురుతో. చీకటి గదిలో ఫోను టార్చి మీద అట్టముక్క పెట్టి, దానికి రూపాయి బిళ్ళకంటే చిన్న కన్నం చేసి, గుడ్డు లావు కొస అక్కడ ఆనించాలి. లోపలంతా పల్చగా పసుపురంగులో వెలిగితే అది బీజం లేని గుడ్డు, దానికి సెలవు. ఎర్రటి వలయం ఒకటి గీసినట్టు కనిపిస్తే మొదటి వారంలోనే చనిపోయిన పిండం: గుండె ఆగినప్పుడు రక్తం అంచుకి జారి అలా వలయం కడుతుంది. మనకి కావలసిన గుడ్డు ఇలా ఉంటుంది: కింద మూడొంతులు నల్లగా, వెలుతురు చొరనంత నిండుగా, పైన గాలిగది తెల్లగా, రెండిటి మధ్య అంచులో ఎర్రటి సన్నటి నరాలు తేటగా. ఆ నరాలు గోధుమరంగుకి తిరిగి మసకబారితే ప్రాణం లేదనుకోవాలి. గాలిగది అంచు అడ్డంగా తిన్నగా కాక ఒక పక్కకి వాలి ఉండి, అక్కడ ఒక నీడ అప్పుడప్పుడు కదిలితే పిల్ల బయలుదేరడానికి సిద్ధమవుతోందన్నమాట.

చాలామంది ఇళ్ళలో మూడో పరీక్ష గోరువెచ్చని నీళ్ళు. గుడ్డుని నీళ్ళలో వదిలితే లోపల పిల్ల బతికి ఉంటే గుడ్డు తేలుతూ తనంతట తాను ఊగుతుంది. చూడటానికి వేడుకే, నిజమైన పరీక్షే. నాకు మాత్రం అది నచ్చదు. పెంకుకి కంటికి కనిపించని చీలిక ఉంటే, లేదా పిల్ల అప్పటికే ముక్కుతో పొడిచి ఉంటే, ఆ నీళ్ళు నేరుగా దాని ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. వెలుతురు పరీక్షలో తెలిసేది ఇందులో కొత్తగా ఏమీ తెలియదు.

గాలిగది గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే గుడ్డు వయసు తెలిసేది దాన్నిబట్టే. కోడిగుడ్డు పెంకులో వేల రంధ్రాలుంటాయి, సుమారు పదివేలు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమానచోదకుల ఊపిరి మీద పరిశోధన చేసిన హెర్మన్ రాన్ అనే శరీరశాస్త్రవేత్త, తరవాత అమెరికాలోని బఫెలోలో తన సహచరులతో కలిసి గుడ్డు ఊపిరిని కొలిచాడు. 60 గ్రాముల గుడ్డు 21 రోజుల్లో సుమారు 6 లీటర్ల ఆక్సిజన్ లోపలికి తీసుకుని, 4.5 లీటర్ల కార్బన్ డయాక్సైడ్, 11 లీటర్ల నీటి ఆవిరి బయటికి వదులుతుంది. దీనికి పంపు లేదు, కండరం లేదు, తలుపు లేదు. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి వాయువులు తమంతట తాము జరుగుతాయి, అంతే. 11 లీటర్ల ఆవిరి అంటే దాదాపు 8 గ్రాముల నీళ్ళు. అంత నీరు పోయిన జాగాని నింపుతున్నదే గాలిగది. రోజురోజుకీ అది పెద్దదవుతుంది. లెక్కప్రకారం గుడ్డు తన బరువులో 12, 13 శాతం కోల్పోవాలి. మరీ తక్కువ పోతే లోపల గాలి చాలక పిల్ల నీళ్ళలో మునిగినట్టవుతుంది, మరీ ఎక్కువ పోతే పొరలు ఎండి పిల్లకి అతుక్కుంటాయి.

మిగిలిన గుడ్డుకి ఈ సమాచారం ఎలా పనికొస్తుందంటే, గాలిగది గుడ్డులో దాదాపు మూడో వంతు ఆక్రమించి ఒక పక్కకి వాలి ఉంటే, అది ఒకటి రెండు రోజుల్లో పగిలే గుడ్డు. గది చిన్నదిగా, అంచు తిన్నగా ఉండి, నల్లదనం కూడా నిండుగా లేకపోతే, అది పక్కపెట్ట ఆలస్యంగా పెట్టిపోయిన గుడ్డు. దానికి ఇంకా వారమో పదిరోజులో కావాలి. ఈ రెండిటినీ ఒకే ఇంక్యుబేటర్లో ఒకే పద్ధతిలో ఉంచడం కుదరదు. చిన్నదాన్ని రోజుకి కనీసం మూడుసార్లు తిప్పాలి, గాలిలో తేమ 50, 55 శాతం దగ్గర ఉండాలి. పెద్దదాన్ని కదపకూడదు, తేమ 65, 70 శాతానికి పెంచాలి. హేచరీల్లో ఈ రెండు పనులకీ రెండు వేరు యంత్రాలు ఉంటాయి, 18వ రోజున గుడ్లని ఒకదాన్నుంచి రెండోదానిలోకి మారుస్తారు. ఇంట్లో ఒకటే పెట్టె ఉంటే పగిలేదాని అవసరమే ముందు చూడాలి. కుర్రగుడ్డు రెండు రోజుల ఎక్కువ తేమని తట్టుకుంటుంది, పగిలే గుడ్డు రెండు గంటల పొడిగాలిని తట్టుకోలేదు.

ఇంక్యుబేటర్ అంటే ఏదో ఆధునిక యంత్రమని అనుకోనక్కరలేదు. ఈజిప్టులో గుడ్లని పేడకుప్పల వేడితో పొదిగిస్తారని అరిస్టాటిల్ రాశాడు. ఆ దేశంలో మట్టి ఇటుకలతో కట్టిన పొదుగు కొలుముల్లో ఒక్కసారే వేల గుడ్లు పెట్టి పిల్లలు చేయించేవాళ్ళు, మొన్నమొన్నటి దాకా కూడా. అక్కడి పనివాళ్ళు థర్మామీటరు వాడేవాళ్ళు కాదు. గుడ్డుని కనురెప్పకి ఆనించుకుని వేడి చూసేవాళ్ళు. పదిహేడో శతాబ్దంలో కార్నెలిస్ డ్రెబెల్ అనే డచ్చి యంత్రకారుడు, వేడెక్కితే పాదరసం ఉబ్బి గాలి దారిని తనంతట తానే మూసే కొలిమి తయారుచేశాడు. దాన్ని గుడ్లు పొదిగించడానికే ఉద్దేశించాడు. మనుషులు కట్టిన మొదటి థర్మోస్టాట్లలో అదొకటి. తన పేరుతో ఒక ఉష్ణమానాన్నే స్థాపించిన ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోమూర్ 1749లో గుడ్లు పొదిగించే కళ మీద రెండు సంపుటాల పుస్తకం వేశాడు. ఈజిప్టు కొలుముల కిటుకు ఫ్రాన్సుకి తేవాలని పేడవేడితో పీపాల్లో ఎన్నో ప్రయత్నాలు చేశాడు. పేడతో పెద్ద చిక్కు వేడిని సమంగా నిలపడమే కాదు, దాని ఆవిర్లు గుడ్లకి తగలకుండా చూడటం కూడా.

మన ఇళ్ళలో తయారయ్యే ఇంక్యుబేటర్ థర్మోకోల్ పెట్టె, ఒక బల్బు, వేడి పెరగగానే బల్బుని ఆర్పే చిన్న థర్మోస్టాట్, కంప్యూటరులోంచి పీకిన ఫ్యాను, అడుగున నీళ్ళ పళ్ళెం. ఇక్కడొక చిన్న తమాషా ఉంది. కరెంటు ఆదా చేసే ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు. వెలుగు తక్కువ, వేడి ఎక్కువ ఇచ్చే పాతకాలపు తీగ బల్బే కావాలి. దాని చేతకానితనమే ఇక్కడ అర్హత. ఫ్యాను ఉంటే పెట్టె అంతటా వేడి ఒకటే కాబట్టి 37.5 నుంచి 37.8 డిగ్రీలు చాలు. ఫ్యాను లేకపోతే వేడిగాలి పైకీ చల్లగాలి కిందికీ పేరుకుంటుంది. అప్పుడు థర్మామీటరు గుండుని గుడ్డు పైభాగం ఎత్తున పెట్టి 38.5 దగ్గర చూసుకోవాలి. వింతగా ఈ ఫ్యాను లేని పెట్టే పెట్టకి దగ్గరి పోలిక. పెట్ట పొట్ట కూడా గుడ్డుని పైనుంచే వేడి చేస్తుంది, గుడ్డు అడుగు చల్లగా ఉంటుంది. దానికి తగ్గట్టే మొదటి రోజుల్లో పిండం సొన మీద తేలుతూ, గుడ్డుని ఎటు తిప్పినా పైకే వచ్చి పొట్టకి దగ్గరవుతుంది.

చివరి రోజుల్లో ఇంకో సంగతి. గుడ్డు తానే వేడి పుట్టించడం మొదలుపెడుతుంది, పెట్టెలోని గాలి కంటే అది ఒక డిగ్రీ పైనే వెచ్చగా ఉంటుంది. వేల గుడ్లుండే పెద్ద యంత్రాల్లో చివరి వారం అసలు సమస్య వేడి ఇవ్వడం కాదు, తీసేయడం. మన ఒంటరి గుడ్డుకి ఆ భయం లేదు గానీ గాలి మాత్రం కావాలి. పొడిచే రోజుల్లో ఆక్సిజన్ అవసరం బాగా పెరుగుతుంది. తేమ పోతుందేమోనని పెట్టె కన్నాలన్నీ మూసేయడం మంచి ఉద్దేశంతో చేసే పెద్ద పొరపాటు. కన్నాలు తెరిచే ఉంచి, పళ్ళెంలో తడిగుడ్డ వేసి నీటి వైశాల్యం పెంచితే రెండూ దక్కుతాయి.

లోపల జరిగేది ఇది. 19, 20 రోజులకి పెంకు రంధ్రాల గుండా వచ్చే గాలి పిల్లకి చాలదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. మెడ వెనక ఈ ఒక్క పనికోసమే ఉబ్బిన ఒక కండరం అదిరి, ముక్కు గాలిగది పొరలో దూరుతుంది. అక్కడ పిల్ల మొదటిసారి ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. ఈ దశలో గుడ్డుని చెవి దగ్గర పెడితే టిక్ టిక్ మని వినిపిస్తుంది, కొన్నిసార్లు కీచుమన్న అరుపు కూడా. ఆ గాలీ కరిగిపోయాక ముక్కు చివర ఉన్న గట్టి మొనతో పెంకుని పొడుస్తుంది. అక్కడ చుక్కంత పగులు కనబడుతుంది. ఆ తరవాత చాలా గంటలు ఏమీ జరగదు. చూసేవాళ్ళ ఓపిక పోయేది సరిగ్గా అప్పుడే.

ఆ టిక్ టిక్ కి అర్థముంది. 1960లలో కేంబ్రిడ్జిలో మార్గరెట్ విన్స్ క్వెయిల్ పిట్టల గుడ్ల మీద చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, ఒకదానికొకటి తగిలేలా ఉన్న గుడ్లు ఈ శబ్దాలతో ఒకదాన్నొకటి తొందరపెట్టుకుంటాయి. వెనకబడ్డ గుడ్డు ముందున్నవాటి సద్దుకి త్వరపడుతుంది. విడివిడిగా దూరంగా పెట్టిన గుడ్లు ఎవరి దారిన అవి పగులుతాయి. కోడిపిల్లా గుడ్డులో టిక్కుమంటుంది. అంటే గంపలో మిగిలిన గుడ్డు వేడితోపాటు తోబుట్టువుల సద్దునీ పోగొట్టుకుంది. రెండు మూడు గుడ్లు బతికి ఉంటే వాటిని ఇంక్యుబేటర్లో దూరదూరంగా పెట్టకుండా ఒకదానికొకటి తగిలేలా పెట్టడం ఖర్చులేని పని.

చుక్క పగులు కనబడ్డాక ఎన్ని గంటలు ఆగాలి? పన్నెండు మామూలే, ఇరవై నాలుగూ మామూలే. ఆ సమయంలో పెంకు లోపలి పొరలో పారుతున్న రక్తమంతా పిల్ల ఒంట్లోకి మళ్ళాలి, పచ్చసొన సంచీ కడుపులోకి చేరి బొడ్డు మూసుకోవాలి. తొందరపడి పెంకు ఒలిచామా, పొరలో ఇంకా రక్తం ఉంటే అది కారిపోతుంది, సొన బయటే వేలాడుతుంది. అలా 'సాయం' అందుకున్న పిల్లలు ఎక్కువగా మర్నాటికి బతకవు. పని పూర్తయితే పిల్లే లావు కొస చుట్టూ వరసగా పొడుచుకుంటూ తిరిగి, మూత తీసినట్టు పెంకుని తోసేస్తుంది. పైనుంచి చూస్తే అది తిరిగేది చాలావరకు గడియారానికి ఎదురు దిశలో. సాయానికి ఒప్పుకోదగ్గ సందర్భం ఒకటుంది. సగం చుట్టు కోసి ఆగిపోయి, బయటికి కనబడే పొర తెల్లగా ఎండి కాగితంలా అయితే, అక్కడ రక్తం లేదని అర్థం. ఆ పొరని గోరువెచ్చని నీళ్ళతో తడిపి వదులు చేయవచ్చు. పొర కింద ఎర్రగీత ఒక్కటి కనిపించినా చేయి తీసేయాలి. ఇంకో మాట: ఆత్రంతో మూత ఎత్తి చూసిన ప్రతిసారీ తేమంతా పోతుంది, ఆ పొర ఎండేది మన కళ్ళవల్లే. పెట్టెకి గాజుపలక బిగించుకునేది ఇందుకే.

పిల్ల వచ్చింది. ఒళ్ళు ఆరేదాకా లోపలే ఉంచాలి. తరవాత ఏం చేయాలన్నదాంట్లో మిగిలిన గుడ్డు పిల్లకి హేచరీ పిల్లకి లేని వరం ఒకటుంది. చివరి వారంలో గుడ్డులోని పిల్లకి వినికిడి వస్తుంది. ఇది అన్నాళ్ళూ తల్లి పొట్ట కిందే ఉంది కాబట్టి ఆ కొక్కొక్కొలు విన్నది. గొంతు పరాయిది కాదు. తల్లి అప్పటికి రెండు రోజులుగా పిల్లల్ని తిప్పుతోంది, కొత్తదాన్ని ఒప్పుకునే కాలం ఇంకా మిగిలే ఉంది. పొద్దుగూకాక, పెట్ట పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని కూర్చున్నాక, చీకట్లో చేయి పోనిచ్చి కొత్తపిల్లని వాటి మధ్య వదలాలి. పగటిపూట ఎదురుగా తెచ్చి పెడితే, ముఖ్యంగా పిల్ల రంగు మిగతావాటికి భిన్నంగా ఉంటే, తల వాచేలా పొడుస్తుంది. మొదటి పిల్లలు వచ్చి నాలుగైదు రోజులు దాటితే ఈ ప్రయత్నం మానుకోవడం మంచిది. అప్పటికి పాతపిల్లలు పెరడంతా పరిగెడుతుంటాయి, తల్లి వాటి వెనక పోతుంది, ఒక్కరోజు పిల్ల ఎక్కడో కాలవగట్టున చల్లబడిపోతుంది. దానికి బల్బు కింద పెట్టే గతి. మొదటి వారం 35 డిగ్రీలు, వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. ఒంటరి పిల్ల వేడి సరిపోయినా అరుస్తూనే ఉంటుంది. దొరికితే ఇంకో పిల్లని తోడు పెట్టడం అన్నిటికంటే మంచి మందు.

అన్నీ సరిగ్గా చేసినా పగలని గుడ్లుంటాయి. ఇంక్యుబేటర్లో పెట్టాక నిండు గుడ్డుకి మూడు నాలుగు రోజులు, అంటే పొదుగుకు వేసిన నాటి నుంచి 25 రోజులు, గడువిస్తే చాలు. ఆ తరవాత పారేయకుండా పెరటి మూల, ముక్కు అవతలికి తిప్పుకుని, పగలగొట్టి చూడటం అలవాటు చేసుకోవాలి. హేచరీల్లో ఇది రోజువారీ పని. లోపల పిండం లేకుండా రక్తపు చారికే ఉంటే గుడ్డు నిలవలోనో ఎండలోనో చెడింది. వచ్చే ఏడు ఉగాది దాటాక గుడ్లు దాచకూడదు. ఈకలతో సహా తయారైన పిల్ల, ముక్కు సన్న కొస వైపు ఉండి చనిపోతే, అది తిరగవలసిన దిక్కు తిరగలేదు. గుడ్డుని సన్న కొస పైకి వచ్చేలా పెట్టినా, సరిగ్గా తిప్పకపోయినా అలా అవుతుంది. పొర ఎండి ఒంటికి అతుక్కుని ఉంటే తేమ చాల్లేదు. పిల్ల మెత్తగా ఉబ్బి, చుట్టూ నీరుంటే తేమ ఎక్కువైంది, లేదా వేడి తక్కువై నీరు పోలేదు. ఒకే పొదుగులో మూడు నాలుగు పెద్దపిల్లలు ఇలా వెనకబడి పోయాయంటే యంత్రం సంగతి తరవాత. ఆ పెట్ట కింద గుడ్లు ఎక్కువయ్యాయి, వచ్చేసారి పదికి మించి వేయకూడదు.